కూలివారు సంఘముగా కూడుట తగునా?

(ఇంటి కూటములలోను, స్త్రీల సమాజములలోను చదువుకొనుటకు వేదపాఠము)

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 24:14, 15, సంఖ్యాకాండము 27:1–11, నెహెమ్యా 5:1–13, యోబు 31:13–15, అపొస్తలుల కార్యములు 19:23–41, యాకోబు 5:1–6.

కంఠస్థము చేయవలసిన వాక్యము: యాకోబు 5:4.



గడచిన నాట్లకాలములో ఒక ఆదివారమున ఆరాధన ముగిసి జనులు ఇండ్లకు వెళ్లుచుండగా, మా సంఘపెద్ద ఒకరు నన్ను అరుగు దగ్గర నిలిపిరి. ఆయన నాలుగెకరములు కౌలుకు చేసికొను రైతు. మన సంఘములోని పదునాలుగుగురు స్త్రీలే ఆయన పొలము నాటు జట్టు. ఎకరమునకు ఇచ్చు గుత్త పెంచితేనే గాని సోమవారమున మడిలో దిగబోమని ఆ జట్టువారు అంతకుముందు రాత్రి ఏకముగా నిశ్చయించుకొనిరి.

“అయ్యగారూ, ఒక సంఘములో ఉన్నవాళ్లకు ఇంకొక సంఘమెందుకండీ? ప్రార్థన చేసుకుంటే చాలదా?” అని ఆయన అడిగిరి.

జట్టులో అందరికంటె పెద్దదైన అవ్వ ప్రక్కనే నిలిచియుండెను. ఆమె నెమ్మదిగా, “ప్రార్థన చేసుకునే వచ్చామండీ. అడగమనే గదండీ ప్రభువు చెప్పింది” అనెను.

నేను ఇద్దరికిని జవాబు చెప్పలేదు. వాక్యము చూచి చెప్పెదనని తప్పించుకొంటిని. ఆ తరువాత చూచిన వాక్యమే ఈ నెల పాఠము. మన గ్రామ సంఘములలో కూలికి వెళ్లువారును, కూలి ఇచ్చువారును ఒకే చాపమీద కూర్చుండుచున్నారు గనుక, ఈ పాఠమును ఇరువురును కలిసి చదువవలెనని మనవి.

1. కూలి విషయమై దేవుడు ఏమి చెప్పెను?

ధర్మశాస్త్రములో కూలివాని గూర్చిన ఆజ్ఞ సూటిగా నున్నది. బీదవాడైన కూలివానిని, వాడు స్వజనుడైనను పరదేశియైనను, బాధింపరాదు. ఏనాటి కూలి ఆనాడే, సూర్యుడు అస్తమింపక మునుపే ఇయ్యవలెను. ఎందుకు? వాని ఆశ అంతయు దానిమీదనే యున్నది. ఇయ్యని యెడల వాడు దేవునికి మొఱ్ఱపెట్టును, అది ఇయ్యనివానికి పాపమగును. కూలి ఎగగొట్టుట లెక్కలలోని పొరపాటు అని దేవుడు అనలేదు, పాపమనెను.

లేవీయకాండము 19:13లో కూలివాని కూలి తెల్లవారువరకు ఉంచుకొనరాదని చెప్పబడినది. పొరుగువానిచేత ఊరక పనిచేయించుకొని తన ఇంటికి మేడగదులు కట్టించుకొను రాజును యిర్మీయా (22:13) గద్దించెను. క్రొత్త నిబంధనలో యాకోబు మరి కఠినముగా పలికెను. చేను కోసినవారి కూలిని మోసముగా బిగబట్టిన యెడల ఆ కూలియే నోరు తెరచి కేకవేయుననియు, ఆ కేక సైన్యములకధిపతియగు ప్రభువు చెవులకు చేరినదనియు ఆయన వ్రాసెను. గమనించుడి: ఇవి గనుల మాటలు కావు, మిల్లుల మాటలు కావు. పంట కోసినవారి మాటలు. అనగా మన మాటలు.

2. ఒంటరిగా గాక కలిసి అడిగినవారు

“కూలి న్యాయమే, గాని గుంపుగా కూడి అడుగుట క్రైస్తవునికి తగదు” అని కొందరందురు. పరిశుద్ధ గ్రంథములో కలిసి అడిగినవారు ముగ్గురు తావులలో మనకు కనబడుచున్నారు.

మొదటివారు ఐగుప్తులో ఇశ్రాయేలీయుల పనినాయకులు (నిర్గమకాండము 5). గడ్డి ఇయ్యక ఇటుకల లెక్క మాత్రము తగ్గింపనందున వారు కలిసి ఫరో యొద్దకు వెళ్లి మొఱ్ఱపెట్టిరి. ఫరో వారిని సోమరులనెను. కూలివాడు నోరు తెరచినప్పుడు వినబడు మొదటి జవాబు నేటికిని అదియే. అయినను దేవుడు ఫరో మాటను అంగీకరింపలేదు.

రెండవవారు సెలోపెహాదు కుమార్తెలు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు అక్కచెల్లెండ్రు. తండ్రికి కుమారులు లేనందున స్వాస్థ్యము తప్పిపోవుచుండగా, వారు ఇంట కూర్చుండి ఏడ్వక, ప్రత్యక్షపు గుడారము ద్వారమున మోషే యెదుటను, ప్రధానుల యెదుటను, సర్వసమాజము యెదుటను నిలిచి అడిగిరి. మోషే వారిని కసరక, వారి సంగతిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారు అడిగినది న్యాయమేయని దేవుడు సెలవిచ్చెను. ఒక్కతె వచ్చియుండిన యెడల గుడారము ద్వారమువరకు ఎవరైనను రానిచ్చియుందురో లేదో! అటుపిమ్మట 36వ అధ్యాయములో ఆ గోత్రపు పెద్దలు తమ అభ్యంతరమును చెప్పుకొనగా దేవుడు దానిని కూడ వినెను. ఆ అయిదుగురును ఆ కట్టడకు లోబడిరి. అడుగువారిమాటయు ఎదుటివారిమాటయు రెండును వినబడుట దేవుని న్యాయము.

మూడవవారు నెహెమ్యా కాలపు బీదలు. పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువపెట్టి ధాన్యము తెచ్చుకొని, తుదకు బిడ్డలను దాస్యమునకు అప్పగింపవలసిన ఆ పురుషులును వారి భార్యలును తమ సహోదరుల మీదనే మొఱ్ఱపెట్టిరి. నెహెమ్యా కోపగించెను, గాని మొఱ్ఱపెట్టినవారి మీద కాదు. గొప్ప సమాజము కూర్చి, తీసికొన్న పొలములను వడ్డీని తిరిగి ఇచ్చివేయవలెనని పెద్దలచేత మాట తీసికొనెను.

కాబట్టి న్యాయము కొరకు కలిసి నిలుచుట అవిశ్వాసము కాదు. ఒంటరివాడు పడిన యెడల లేవనెత్తువాడు లేడనియు, మూడు పేటల త్రాడు త్వరగా తెగదనియు ప్రసంగి (4:9–12) చెప్పినది మన పెండ్లి ప్రసంగములలో విందుము. ఆ మాట నాటు మడిలోను నిజమే.

3. ఒక పల్లెటూరి కథ

ఇంగ్లండు దేశమున డార్సెట్ జిల్లాలో టోల్‌పడిల్ అను చిన్న గ్రామమున్నది. అక్కడి పొలము కూలివారికి వారమునకు 9 షిల్లింగులు వచ్చుచుండగా అది 8కి, ఆపై 7కు దిగిపోయెను; 6 షిల్లింగులే ఇత్తుమను మాటయు పుట్టెను. జార్జి లవ్‌లెస్ అను కూలివాడు ఆ గ్రామమున మెథడిస్టు సంఘపు బోధకుడు. జీతము తీసికొను బోధకుడు కాడు. వారమంతయు నాగలి పట్టి, ఆదివారమున వాక్యము చెప్పువాడు.

మొదట కూలివారును రైతులును ఆ ఊరి పాదిరిగారి యెదుట కలిసికొని మాట్లాడుకొనిరి. చుట్టుప్రక్కల జిల్లాలో ఇచ్చునంత కూలి మీకును వచ్చును, దానికి నేనే సాక్షినని పాదిరిగారు చెప్పిరనియు, కూలి తగ్గించిన తరువాత అట్టి మాట తాను ఇయ్యనేలేదనిరనియు లవ్‌లెస్ తరువాత తాను వ్రాసిన వృత్తాంతములో తెలిపెను. మేజిస్ట్రేటుల యొద్దకు వెళ్లగా, యజమానులు ఇచ్చినదానికే పనిచేయవలెనని జవాబు వచ్చెను.

అప్పుడు 1833లో వారు వ్యవసాయ కూలివారి స్నేహ సంఘమును స్థాపించుకొనిరి. చేరుటకు ఒక షిల్లింగు, ఆపై వారమునకు ఒక పెన్నీ చందా. ఏ విధమైన దౌర్జన్యము చేతను ఈ సంఘపు ఉద్దేశము నెరవేరదని వారు తమ నియమములలోనే వ్రాసికొనిరి. ఆనాటికి ఇంగ్లండులో కార్మిక సంఘము పెట్టుకొనుట నేరము కాదు. దానిని నిషేధించిన చట్టములు 1824లోనే రద్దయ్యెను. అయినను 1834 ఫిబ్రవరి 24న జార్జి లవ్‌లెస్, అతని తమ్ముడు జేమ్స్ లవ్‌లెస్, థామస్ స్టాండ్‌ఫీల్డు, అతని కుమారుడు జాన్, జేమ్స్ హామెట్, జేమ్స్ బ్రైన్ అను ఆరుగురిని పట్టుకొనిరి. సంఘములో చేరువారి కన్నులకు గంతలు కట్టి రహస్య ప్రమాణము చేయించిరనునది నేరారోపణ. ఓడ సైనికుల తిరుగుబాటు నాడు, 1797లో చేసిన ఒక చట్టమును దీనికి ప్రయోగించిరి.

మార్చి నెలలో డార్చెస్టరు న్యాయస్థానమున వారికి 7 సంవత్సరముల ద్వీపాంతర శిక్ష పడెను. తాము ఎవరి పేరునకును, దేహమునకును, ఆస్తికిని హాని చేయలేదనియు, తమను, తమ భార్యలను, పిల్లలను ఆకలినుండి కాపాడుకొనుటకే ఏకమైతిమనియు లవ్‌లెస్ వ్రాసియిచ్చిన మాట న్యాయాధిపతిని మార్చలేదు. వారిని సంకెళ్లతో ఓడనెక్కించి ఆస్ట్రేలియా ప్రాంతములకు పంపిరి. ఇంటివద్ద విడువబడిన భార్యలు గ్రామ సహాయనిధి నడుగగా అదియు నిరాకరింపబడెను. ఇతర గ్రామముల, పట్టణముల పనివారు చందాలు వేసికొని ఆ పిల్లలకు అన్నము పెట్టిరి.

1834 ఏప్రిల్ 21న లండనులో వేలకొలది జనులు క్రమముగా ఊరేగింపు నడిపి మనవి సమర్పించిరి. ఆ మనవి ఫలించుటకు దాదాపు రెండు సంవత్సరములు పట్టెను. 1836 మార్చిలో ఆరుగురికిని క్షమాపణ వచ్చెను. జార్జి లవ్‌లెస్ 1837లో ఇల్లు చేరెను. హామెట్ చేరునప్పటికి 1839. వారిలో అయిదుగురు తరువాత కుటుంబములతో కెనడాకు వెళ్లిపోయిరి. హామెట్ ఒక్కడే టోల్‌పడిల్‌లో ఉండి 1891లో మరణించెను. వారు కూడుకొనిరని చెప్పు పెద్ద చెట్టు ఆ గ్రామమున నేటికిని నిలిచియున్నది. 1872లో ఇంగ్లండులో వ్యవసాయ కూలివారి జాతీయ సంఘమును లేపిన జోసెఫ్ ఆర్చ్ కూడ మెథడిస్టు బోధకుడే.

ఈ కథలో మనకు రెండు పాఠములున్నవి. మొదటిది: ఆ కూలివారి మీద మోపిన నేరము రహస్య ప్రమాణమే. ప్రమాణము విషయమై మన ప్రభువు మత్తయి 5వ అధ్యాయములో చెప్పినది మనకు తెలియును. నేడు బాహాటముగా కూడుటకు స్వేచ్ఛ ఉన్నప్పుడు చీకటిలో కూడ నక్కరలేదు. పగలు, నలుగురి యెదుట, లెక్క పుస్తకము తెరచి కూడవలెను. రెండవది నాకు తగిలినది. ఆ పాదిరిగారి సంగతి చదివినప్పుడు, అరుగు దగ్గర తప్పించుకొన్న నా మాట నాకు జ్ఞాపకము వచ్చెను.

4. మన దేశములో

మనకు దగ్గరి సంగతియు కలదు. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో చేరియున్న కాలమున, 1918 ఏప్రిల్ 27న, మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడెను. బి. పి. వాడియా దానికి అధ్యక్షుడు. బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల పనివారి కష్టములే దాని పుట్టుకకు కారణము. తరువాత మిల్లువారు ఆ నాయకుల మీద దావా వేయగా హైకోర్టు నిషేధపు ఉత్తర్వు నిచ్చెను. సంఘము పెట్టుకొన్నవారికి చట్టపు నీడ లేకపోవుట అప్పుడు దేశమంతటికి తెలిసెను. 1926లో కార్మిక సంఘముల చట్టము వచ్చెను. ఏడుగురు కలిసి సంతకములు చేసి రిజిస్ట్రీకి దరఖాస్తు పెట్టుకొనుటకు అది దారి తీసెను. 2025 నవంబరు 21 నుండి, 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి ఆ చట్టము స్థానమున అమలులోనికి వచ్చినది. కాబట్టి ఇప్పటి నియమములను కార్మికశాఖ కార్యాలయమున అడిగి తెలిసికొనుడి.

“అది మిల్లుల సంగతి, పొలము పనివారికి ఎక్కడిది?” అని అనుకొనవద్దు. మిల్లు పనివారికున్న కూడు హక్కులే పొలము పనివారికిని ఉండవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో ఒక ఒప్పందము చేసెను. 1923లోనే ఇండియా దానిని అంగీకరించెను. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 19వ అధికరణమున సంఘములుగా ఏర్పడుటకు పౌరులందరికి హక్కు నిచ్చినది. 1948 నాటి కనీస వేతనముల చట్టము పొలము పనిని కూడ తన పట్టికలో చేర్చెను. ఇప్పుడు దాని స్థానమున 2019 నాటి వేతనముల స్మృతి యున్నది. చట్టము కాగితము మీద నుండును. దానిని నోట పలుకు మనుష్యులుంటేనే అది పొలమునకు దిగి వచ్చును.

5. విశ్వాసి మనస్సాక్షికి కొన్ని జాగ్రత్తలు

సంఘముగా కూడిన వారందరు న్యాయవంతులు కారు. ఎఫెసులో దేమేత్రి యను కంసాలి తనవంటి పనివారిని కూర్చి చేసినదేమి? తమ లాభమునకు దెబ్బ తగులుచున్నదని, దేవి పేరు చెప్పి, పట్టణమంతయు గలిబిలి చేసెను. వచ్చినవారిలో అనేకులకు తాము ఎందుకు వచ్చిరో తెలియదు. ఏదైన వ్యాజ్యెమున్న యెడల న్యాయసభలున్నవి, క్రమమైన సభలో తీర్చుకొనుడని కరణము వారిని పంపివేసెను. కాబట్టి చేరకముందు ఈ సంగతులు విచారింపుడి.

అడుగునది న్యాయమా, అసూయయా? చందా లెక్క ప్రతి నెల చదువబడునా? చేరనివారిని కొట్టుదురా, వెలివేయుదురా? ఒకే పల్లెవారికి, ఒకే కులమువారికి తలుపు తెరచి ఇతరులకు మూయుదురా? బయానా పుచ్చుకొని మాట ఇచ్చిన పనిని మధ్యలో విడుతురా? పని చేయునప్పుడు నాటు పలుచన చేసి మోసగింతురా? కూలి విషయములో న్యాయము కోరువాడు పని విషయములో న్యాయము చేయవలెను. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో (3:23) పౌలు చెప్పినట్లు, ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా పనిచేయుట మన సాక్ష్యము.

అవిశ్వాసులతో కలిసి కాడి మోయరాదు గదా, అన్యులున్న కూలిసంఘములో ఎట్లు చేరుదుమని కొందరి సందేహము. 2 కొరింథీయులకు 6వ అధ్యాయమును తుదివరకు చదివిన యెడల అక్కడి సంగతి విగ్రహముల విషయమని తెలియును. లోకస్థులతో ఏ పొత్తును వద్దనిన యెడల లోకములోనుండి వెళ్లిపోవలసి వచ్చునని ఆ అపొస్తలుడే 1 కొరింథీయులకు 5:10లో వ్రాసెను. మనము వారితో ఒకే మడిలో వంగి నాటుచున్నాము. వంగినప్పుడు లేని మైల నిలువబడి అడిగినప్పుడు ఎక్కడనుండి వచ్చును? అయితే ఆదివారపు ఆరాధనను, మనస్సాక్షిని, సత్యమును ఏ సంఘమునకును అమ్ముకొనరాదు.

6. కూలి ఇచ్చు విశ్వాసులకు ఒక మాట

కూలి ఇచ్చువారును తరచు బరువు మోయుచున్నవారే. కౌలు ముందే కట్టవలెను, ఎరువు అరువు తేవలెను, ధాన్యము ధర తన చేతిలో లేదు. ఆ బాధను దేవుడెరుగును. అయినను యోబు చెప్పిన మాటను తలంచుడి. తన దాసుడు గాని దాసి గాని తనతో వాదించినప్పుడు తాను వారి వ్యాజ్యెమును త్రోసివేసియుండిన యెడల, దేవుడు లేచినప్పుడు తానేమి జవాబు చెప్పగలనని ఆయన భయపడెను. నన్ను గర్భములో చేసినవాడే వానిని చేసెను గదా అనెను. యోబు ఊరికి గొప్పవాడు. ఆయన పనివారు ఆయనతో వాదింపగలిగిరి. అది ఆయనకు అవమానము కాలేదు. దేవుని యెదుట ఆయన చూపిన నీతులలో నొకటి ఆయెను.

మీ పనివారు కలిసి వచ్చి అడిగినప్పుడు, తిరుగుబాటని తలంపక, కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి వినుడి. మీ లెక్కను కూడ వారికి విప్పి చూపుడి. కొలొస్సయులకు 4:1లో యజమానులకు ఇయ్యబడిన ఆజ్ఞ న్యాయమైనదియు ధర్మానుసారమైనదియు ఇయ్యుడనియే; దయచేసి ఏదో ఒకటి ఇయ్యుడని కాదు.

ముగింపు

ఆ సోమవారమున ఎవరును మడిలో దిగలేదు. నారు ముదురుచుండెను. రెండవ రాత్రి నేను సంఘపెద్దగారి ఇంటికి వెళ్లి, వాక్యము చూచితినని చెప్పి, యోబు మాటలు చదివితిని. ఆయన చాలసేపు మాట్లాడలేదు. తరువాత కౌలు, ఎరువు, దుక్కి ఖర్చు తానే ఒక కాగితము మీద వేసి, “ఇది వాళ్లకు చూపిస్తే నమ్ముతారా అయ్యగారూ?” అని అడిగిరి. మరునాడు ఉదయమున అవ్వయు, జట్టువారిలో మరి ఇద్దరును వచ్చి ఆ కాగితము చూచిరి. జట్టు అడిగినంత రాలేదు. పెద్దగారు అనుకొన్నంతలోను ఆగలేదు. ఏ సాయంకాలము డబ్బు ఆ సాయంకాలమే ఇయ్యవలెనని కూడ వ్రాసికొనిరి. సాక్షి ఎవరని అవ్వ అడిగెను. ఈ సారి నేను సంతకము చేసితిని. ఆ మాట తప్పిన దినమున నా యొద్దకు వచ్చి అడుగుటకు ఇరువురికిని హక్కున్నది.

మన భాషలో గుడిలో కూడుకొను జనమునకును, కూలివారి కూటమికిని సంఘమను ఒకే మాట యున్నది. మొదటి సంఘములో మనము న్యాయము నేర్చుకొనిన యెడల, రెండవ సంఘములో దానిని అభ్యసింపగలము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ద్వితీయోపదేశకాండము 24:15 ప్రకారము కూలి ఆలస్యము చేయుట ఏల పాపము? మన ఊరిలో కూలి ఎన్ని దినములకు చేతికి వచ్చుచున్నది?

2. సెలోపెహాదు కుమార్తెల మనవిని విని మోషే ఏమి చేసెను? సంఘపెద్దలు అతనియొద్ద నేర్చుకొనవలసినదేమి?

3. నెహెమ్యా కూర్చిన సమాజమునకును దేమేత్రి కూర్చిన గుంపునకును గల భేదములు మూడు చెప్పుడి.

4. మన సంఘములో కూలి ఇచ్చువారును పుచ్చుకొనువారును కలిసి కూర్చుండి ఈ కారు రేటును మాట్లాడుకొనగలరా? దానికి అడ్డమేమి?

ప్రార్థన

వడ్రంగి బల్లయొద్ద పనిచేసిన మా ప్రభువా, నాటువారి నడుము నొప్పిని, కౌలు రైతు నిద్రలేమిని నీవెరుగుదువు. అడుగువారికి సత్యమును, ఇచ్చువారికి న్యాయమును, సాక్షులమైన మాకు మాట తప్పని ధైర్యమును దయచేయుము. మా పొలములనుండి ఏ కూలియు నీకు మొఱ్ఱపెట్టకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.